పెద్ద కంపెనీ ఆర్డరు చేతికొచ్చినప్పుడు చిన్న వర్క్‌షాపు వేసుకోవలసిన లెక్క

చెన్నైలో అంబత్తూరు పారిశ్రామికవాడ 1964లో మొదలైంది. అక్కడా, పక్కనే ఉన్న పాడిలోనూ లేతులూ మిల్లింగ్ యంత్రాలూ పెట్టుకొని వాహనాల విడిభాగాలు చేసే తెలుగువారికి చాలా ఏళ్ళుగా లెక్కలు రాసిన అనుభవంతో ఈ వ్యాసం రాస్తున్నాను. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చి, మరొకరి షెడ్డులో ఆపరేటరుగా చేరి, పదేళ్ళకో పదిహేనేళ్ళకో సొంత షెడ్డు వేసుకున్నవారు వీరిలో ఎక్కువ. పని విషయంలో వీరికి ఎవరూ నేర్పవలసింది లేదు. శ్రీపెరుంబుదూరు వైపో ఒరగడం వైపో ఉన్న ఒక పెద్ద కంపెనీ నుంచి మొదటి పర్చేజ్ ఆర్డరు వచ్చినప్పుడు మాత్రం, దానిమీద ఉన్న ధరను పది సార్లు చూసి, చెల్లింపు గడువు రాసిన వరుసను ఒక్కసారి కూడా చదవకుండా సంతకం పెట్టేవారు వీరిలో చాలామంది ఉన్నారు. చిన్న సంస్థకూ పెద్ద సంస్థకూ ఉన్న ఆర్థిక వ్యత్యాసమంతా ఆ వరుసలోనే ఉంటుంది కనుక, ఆర్డరును అక్కడి నుంచే చదవడం మొదలుపెట్టాలి.

చట్టం దృష్టిలో మీరు ఎక్కడ ఉన్నారో ముందుగా తెలుసుకోవాలి. 2025 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న కొలతల ప్రకారం యంత్రాలు, పరికరాల మీద పెట్టుబడి 2.5 కోట్ల రూపాయలు, వార్షిక టర్నోవరు 10 కోట్ల రూపాయలు దాటని సంస్థ సూక్ష్మ సంస్థ అవుతుంది. పెట్టుబడి 25 కోట్లు, టర్నోవరు 100 కోట్లు దాటనిది చిన్న సంస్థ. పెట్టుబడి 125 కోట్లు, టర్నోవరు 500 కోట్లు దాటనిది మధ్యతరహా సంస్థ. రెండు కొలతల్లో ఏ ఒక్కటి దాటినా పై వర్గంలోకి వెళ్తారు. ఆలస్యపు చెల్లింపులకు సంబంధించిన రక్షణ సూక్ష్మ, చిన్న సంస్థలకే ఉంది, మధ్యతరహాకు లేదు. ఇలాంటి సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ నమోదు ఉచితం, ఆన్‌లైన్‌లోనే పూర్తవుతుంది. మొదటి సరకు పంపకముందే దాన్ని చేయించుకొని, ఆ సంఖ్యను ప్రతి ఇన్వాయిస్ మీదా అచ్చు వేయించుకోవాలి. బాకీ ఆగిపోయాక నమోదు చేయించుకొని పాత బిల్లులకు రక్షణ అడిగితే నెగ్గడం కష్టం.

రెండు వైపులా రోజులు లెక్కపెట్టండి

పెద్ద కంపెనీ ఆస్తి అప్పుల పట్టికలోనూ మీ పట్టికలోనూ శీర్షికలు ఒకటే: సరకు నిల్వ, రావలసిన బాకీలు, ఇవ్వవలసిన బాకీలు. వాటి వెనుక నడిచే కాలం మాత్రం వేరు. వాహనాల కంపెనీని తీసుకుంటే, డీలర్లకు బ్యాంకులు ప్రత్యేకంగా అప్పులిస్తాయి కనుక బండి గేటు దాటిన కొద్ది రోజుల్లోనే దాని డబ్బు కంపెనీకి చేరుతుంది. విడిభాగాలు ఇచ్చినవారికి మాత్రం కంపెనీ రెండు నెలల తర్వాత చెల్లిస్తుంది. ఆ మధ్యకాలంలో సరఫరాదారుల డబ్బుతోనే దాని వ్యాపారం నడుస్తుంది. మనం అప్పు చేస్తే పప్పుకూడు వారి పళ్ళెంలోకి వెళ్తుందన్నమాట. ఇందులో మోసమేమీ లేదు. బేరమాడే శక్తి ఎటు ఉంటే రోజులు అటు చేరతాయి, అంతే.

ఇది మీ ఒక్క ఆర్డరులో ఎంత మొత్తమవుతుందో కాగితం మీద వేసి చూడాలి. ఉదాహరణకు నెలకు 10 లక్షల రూపాయల ఆర్డరు వచ్చిందని అనుకుందాం. దానికి నెలకు ఉక్కు 5.5 లక్షలు, జీతాలు, కరెంటు, టూల్సు, రవాణా కలిపి 3.3 లక్షలు ఖర్చవుతాయి, 1.2 లక్షలు మిగులుతాయి. ఇంతవరకు అందరూ వేసే లెక్కే. ఇప్పుడు దీనికి తేదీలు కలపండి.

ఉక్కు కొన్న 15వ రోజున ఐరన్ షాపువాడికి డబ్బివ్వాలి. 25వ రోజున సరకు తయారై బయలుదేరుతుంది. ఆర్డరులో 60 రోజులని ఉంటుంది గానీ, ఆ 60 రోజులు మీ ఇన్వాయిస్ తేదీ నుంచి కాక, వారి స్టోర్సులో సరకు తనిఖీ అయి జీఆర్‌ఎన్ (సరకు అందినట్టు వారు రాసే రసీదు) పడిన తేదీ నుంచి మొదలవుతాయి. దానికో వారం పడుతుంది. పైగా చాలా కంపెనీలు నెలలో రెండు తేదీల్లోనే చెల్లింపులు చేస్తాయి కనుక, గడువు ఆ తేదీ మరునాడు పూర్తయితే ఇంకో పక్షం ఆగవలసిందే. అన్నీ కలిపితే 60 రోజులన్నది 75 అవుతుంది, అంటే కొన్న రోజు నుంచి నూరవ రోజున డబ్బు చేతికొస్తుంది.

ఉక్కు మీద 18 శాతం జీఎస్టీతో కలిపి నెలకు 6.49 లక్షలు, అంటే రోజుకు దాదాపు 21,600 రూపాయలు. అది మీ చేతి నుంచి 85 రోజులు బయట ఉంటుంది కనుక 18.4 లక్షలు. జీతాలు, కరెంటు వగైరా రోజుకు 11,000 చొప్పున సుమారు 80 రోజులు బయట ఉంటాయి కనుక 8.8 లక్షలు. మూడవది జీఎస్టీ. కొనుగోలుదారు డబ్బిచ్చినా ఇవ్వకపోయినా, ఇన్వాయిస్ వేసిన మరుసటి నెల 20వ తేదీలోగా పన్ను కట్టాలి. అమ్మకం మీద 1.8 లక్షల్లో ఉక్కు మీద కట్టిన 99 వేలు పోగా మిగిలిన 81 వేలు సుమారు 40 రోజులు మీ జేబు నుంచి ప్రభుత్వం దగ్గర ఉంటాయి, అంటే దాదాపు 1.1 లక్షలు. మొత్తం 28.3 లక్షల రూపాయలు. నెలకు 10 లక్షల ఆర్డరును నిలకడగా నడపడానికి కావలసిన నిర్వహణ మూలధనం ఇది. ఇదే ఆర్డరుకు 75 బదులు 45 రోజుల్లో డబ్బు వస్తే 17.7 లక్షలు సరిపోతాయి. ఆ ముప్పై రోజుల విలువ పదిన్నర లక్షలు.

28.3 లక్షల మీద 12 శాతం వడ్డీ నెలకు 28 వేలు. తిరస్కరించిన ముక్కలకు కొనుగోలుదారు కోసే డెబిట్ నోట్లు 2 శాతం అనుకుంటే 20 వేలు. యంత్రం అరుగుదలకు ఈ ఆర్డరు వాటా 35 వేలు. కాగితం మీద 1.2 లక్షలుగా కనిపించిన మిగులు 37 వేలకు దిగింది. ఉదయం ఎనిమిదికి షెడ్డు తెరిచి రాత్రి తొమ్మిదికి మూసే యజమానికి జీతం ఇంకా వేయలేదు. పెద్ద కంపెనీలో మేనేజింగ్ డైరెక్టరు జీతం ఖర్చులో రాశాకే లాభం తేలుతుంది. చిన్న సంస్థలో యజమాని శ్రమ, ఇంట్లోవారు చేసే బిల్లుల పని, సొంత షెడ్డుకు రావలసిన అద్దె ఏవీ లెక్కలోకి రావు. రెండు సంస్థల లాభాల శాతాలను పక్కపక్కన పెట్టి పోల్చాలనుకునేవారు ముందు ఈ మూడింటినీ చిన్న సంస్థ ఖర్చులో కలపాలి. కలిపితే కొన్ని షెడ్డుల లాభం మాయమవుతుంది.

ఆ 28 లక్షలు ఎక్కడి నుంచి తేవాలి

పెద్ద కంపెనీకి క్రెడిట్ రేటింగు ఉంటుంది. బ్యాంకు ఒక రేటు చెబితే, కమర్షియల్ పేపరో బాండ్లో జారీ చేసి అంతకన్నా తక్కువకు డబ్బు తెచ్చుకోగలదు. చిన్న సంస్థకు ఉన్నది క్యాష్ క్రెడిట్ ఖాతా (ఒక పరిమితి వరకు తీసి వాడుకొనే బ్యాంకు అప్పు), దాని వెనుక ఇంటి దస్తావేజులు. దాన్ని ఎంతవరకు అడగవచ్చో తెలుసుకోవడానికి ఒక సులువైన కొలత ఉంది. రిజర్వ్ బ్యాంకు వేసిన నాయక్ కమిటీ సూచనల మీద ఏర్పడిన పద్ధతి ప్రకారం, 5 కోట్ల వరకు పరిమితి ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకు అంచనా టర్నోవరులో 25 శాతాన్ని నిర్వహణ మూలధన అవసరంగా తీసుకొని, అందులో టర్నోవరు మీద 20 శాతం బ్యాంకు ఇస్తుంది, మిగతా 5 శాతం మీరు పెట్టుకోవాలి. మన ఆర్డరుకు సంవత్సరానికి 1.2 కోట్లు గనుక బ్యాంకు నుంచి 24 లక్షలు, మీ నుంచి 6 లక్షలు, మొత్తం 30 లక్షలు. మనకు కావలసింది 28.3. డబ్బు 75 రోజులకు వస్తే ఎలాగో సరిపోతుంది, 90 రోజులకు వస్తే చాలదు. ఈ పద్ధతి మూడు నెలల చక్రాన్ని ఊహించుకొని చేసినది కాబట్టి, మీ చక్రం అంతకన్నా పొడవైతే ఆ వివరం చూపించి ఎక్కువ అడగాలి.

ఆలస్యం వల్ల రెండు దెబ్బలు తగులుతాయని ఇక్కడ గమనించాలి. ప్రతి నెలా ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్ నుంచి బ్యాంకు డ్రాయింగ్ పవర్, అంటే ఆ నెల మీరు వాడుకోగల అప్పు ఎంతో, లెక్కిస్తుంది. సాధారణంగా 90 రోజులు దాటిన బాకీలను అందులో చేర్చదు. డబ్బు రాకపోవడం ఒక దెబ్బ అయితే, రాని డబ్బు కారణంగా తీసుకోగలిగిన అప్పు కూడా తగ్గిపోవడం రెండవది. దీపావళి బోనసు ఇవ్వవలసిన నెలలోనే ఇది జరిగితే, యజమాని నేరుగా చిట్టీ పాట పాడడానికి వెళ్తాడు. చిట్టీని ఎంత తగ్గించి పాడాడో, మిగిలిన నెలలు ఎన్నో కలిపి చూస్తే ఆ డబ్బు బ్యాంకు వడ్డీకన్నా చాలా ఖరీదుగా పడిన సందర్భాలను నేను చాలానే చూశాను. చిట్టీని తప్పుపట్టడం లేదు, దానికి సంవత్సరపు వడ్డీ ఎంత పడిందో రాసి చూసుకోమంటున్నాను.

తనఖా పెట్టడానికి ఇల్లు లేనివారు తనఖా లేని అప్పులకు సీజీటీఎంఎస్ఈ ఇచ్చే పూచీ గురించి బ్యాంకులో అడగాలి. ప్రభుత్వమూ, చిన్న పరిశ్రమల అభివృద్ధి బ్యాంకు సిడ్బీ కలిసి 2000లో ఏర్పాటు చేసిన ఈ సంస్థ పూచీ పరిమితి 2025 ఏప్రిల్ నుంచి 10 కోట్లకు పెరిగింది. దానికి రుసుము ఉంటుంది, యజమాని సొంత హామీ కూడా ఉంటుంది. ప్రైవేట్ లిమిటెడ్‌గా మారితే సొంత ఆస్తికి ముప్పు తప్పుతుందని చాలామంది నమ్ముతారు గానీ, డైరెక్టర్ల వ్యక్తిగత హామీ లేకుండా చిన్న కంపెనీకి బ్యాంకు అప్పు దొరకడం అరుదు. పరిమిత బాధ్యత అనే సౌకర్యం పెద్ద కంపెనీ వాటాదారుడికి నిజంగా ఉంది, అంబత్తూరు యజమానికి చాలావరకు కాగితం మీదే ఉంది.

వీటన్నిటికన్నా నాకు నచ్చిన దారి ట్రెడ్స్, అంటే బిల్లుల మీద గడువుకు ముందే డబ్బు తెచ్చుకొనే ఆన్‌లైన్ ఏర్పాటు. ఆర్‌ఎక్స్ఐఎల్, ఎం1ఎక్స్‌చేంజ్, ఇన్వాయిస్‌మార్ట్ వంటి వేదికల్లో మీ బిల్లును పెడితే, కొనుగోలుదారు అంగీకరించాక బ్యాంకులు దానిమీద వడ్డీ రేటుకు పోటీ పడతాయి. వడ్డీ నిర్ణయమయ్యేది కొనుగోలుదారు పరపతిని బట్టి. అతడు తర్వాత చెల్లించకపోయినా బ్యాంకు మీ మీదకు రాదు. రేటు 8 శాతమనుకుంటే, 11.8 లక్షల బిల్లుకు 60 రోజులకు పడేది 15,500 రూపాయలు. మీ 12 శాతం ఖాతాలో అదే 23,300. పైగా ఇది మీ పరిమితిని తినదు. టర్నోవరు 250 కోట్లు దాటిన కంపెనీలు 2025 మార్చి 31లోగా ఈ వేదికల్లో నమోదు కావాలని ప్రభుత్వం ఆదేశించింది. నమోదు కావడం వేరు, మీ బిల్లును అక్కడ అంగీకరించడం వేరు. కాబట్టి రెండవదాన్ని ఆర్డరు షరతుగా రాయించుకోవాలి.

ధర చెప్పేటప్పుడు

పెద్ద సంస్థ స్థిరఖర్చును లక్షల వస్తువుల మీద పంచుతుంది. చిన్న సంస్థలో ఆ పంపకం ఎంత భారమో సెట్టింగు సమయం చూపిస్తుంది. ఒక భాగానికి యంత్రం సెట్ చేయడానికి మూడు గంటలు పట్టి, యంత్రపు గంట ఖరీదు 600 రూపాయలైతే, సెట్టింగు ఖర్చు 1,800. వెయ్యి ముక్కలు చేస్తే ముక్కకు 1.80 రూపాయలు, యాభై చేస్తే 36 రూపాయలు. కొటేషన్ వెయ్యికి అడిగి, తర్వాత వారానికి యాభై చొప్పున షెడ్యూలు పంపడం మామూలుగా జరిగే విషయం. సరకు నిల్వ భారాన్ని కొనుగోలుదారు మీ షెడ్డులోకి తోయడమే దాని అర్థం. అందుకని ధర పక్కనే కనీస బ్యాచ్ సంఖ్య రాయాలి, అంతకన్నా తక్కువ అడిగితే సెట్టింగు ఖర్చు వేరుగా చూపాలి.

ఉక్కు కొనడంలోనూ మీరు పోటీ పడలేరు. నెలకు కొన్ని టన్నులు కొనే మీకు డీలరు ధర పడుతుంది, వేల టన్నులు కొనే వారికి మిల్లు ధర పడుతుంది. అందువల్ల ఉక్కు వారే ఇచ్చి, జాబ్ వర్కు కూలి మాత్రం మీరు తీసుకునే ఏర్పాటును గట్టిగా అడగమని నా సలహా. పై ఉదాహరణలో ఇలా చేస్తే మీ నెలసరి బిల్లు 10 లక్షల నుంచి 4.5 లక్షలకు తగ్గుతుంది, మిగులు అదే 1.2 లక్షలు ఉంటుంది, కావలసిన మూలధనం మాత్రం 28.3 లక్షల నుంచి 10 లక్షలకు కాస్త లోపుగా దిగుతుంది. టర్నోవరు తగ్గిందని యజమానులు నొచ్చుకుంటారు. వాడలో ఒకరినొకరు టర్నోవరుతోనే కొలుచుకుంటారు మరి. నేను మాత్రం తక్కువ మూలధనాన్నే ఎంచుకుంటాను. ఇందులో రెండు చిక్కులున్నాయి: లేతు కింద రాలే ఇనుప పొట్టు అమ్ముకుంటే వచ్చే డబ్బు మీది కాకుండా పోవచ్చు, చెడిపోయిన ముక్కకు కూలితో పాటు ఉక్కు ధర కూడా మీ బిల్లులో కోస్తారు. రెండింటినీ ముందే రాతలో తేల్చుకోవాలి.

ఒకే కొనుగోలుదారు మీద ఎంత ఆధారపడవచ్చన్నది నియమం కన్నా నిగ్రహానికి సంబంధించిన విషయం. నాకు తెలిసిన ఒక షెడ్డులో పనిలో ఎనభై శాతం ఒకే కంపెనీది. ఆ కంపెనీ ఒక మోడలు ఆపేసింది. దానికి పదిహేను మోడళ్ళలో ఒకటి తగ్గింది, ఈయనకు ఆరు యంత్రాల్లో నాలుగు ఆగిపోయాయి, ఈఎంఐలు ఆగలేదు. అమ్మకాల్లో ఒక్కరి వాటా నలభై శాతం దాటితే నేను నా ఖాతాదారులను హెచ్చరిస్తాను.

కొనుగోలుదారు వార్షిక నివేదికలో ఏం చూడాలి

స్టాక్ మార్కెట్లో నమోదైన కంపెనీల వార్షిక నివేదికలు ఎక్స్‌చేంజీల వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. నమోదు కాని కంపెనీల పత్రాలను కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో చిన్న రుసుముతో చూడవచ్చు. మూడు వందల పేజీలు చదవక్కర్లేదు. ట్రేడ్ పేయబుల్స్ అనే నోటు తెరవండి. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఇవ్వవలసినది వేరుగా, ఇతరులకు ఇవ్వవలసినది వేరుగా చూపాలని నియమం ఉంది. ఆ బాకీలు ఎంత పాతవో, వాటిలో వివాదంలో ఉన్నవెన్నో కూడా పట్టికగా ఉంటుంది. మొత్తం బాకీని ఏడాది కొనుగోళ్ళతో భాగించి 365తో గుణిస్తే, వారు సగటున ఎన్ని రోజులకు చెల్లిస్తారో తెలుస్తుంది. మార్కెట్ విలువలో మొదటి వెయ్యి నమోదిత కంపెనీలు ఇచ్చే బీఆర్ఎస్ఆర్ అనే వ్యాపార బాధ్యత నివేదికలో ఈ రోజుల సంఖ్యను వారే లెక్కించి ప్రకటిస్తారు. పర్చేజ్ అధికారి నోటిమాట 45 అయి నివేదికలో 90 ఉంటే, మీ ధరను 90కే లెక్కగట్టండి.

డబ్బు ఆగినప్పుడు

2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి (ఎంఎస్ఎంఈడీ) చట్టం 15వ సెక్షన్ ప్రకారం, రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులోని గడువులోగా, ఏ పరిస్థితిలోనూ సరకు స్వీకరించిన 45 రోజులు దాటకుండా, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లోగా చెల్లించాలి. ఆర్డరులో 60 అనో 90 అనో రాసి ఉన్నా చట్టం ముందు 45 రోజులకే విలువ. దాటితే రిజర్వ్ బ్యాంకు బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీని నెలనెలా చక్రవడ్డీగా ఇవ్వాలి. ఆ రేటు 6 శాతమైతే, వడ్డీ 18 శాతం. ఇలాంటి తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిలుకు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. కౌన్సిలు తీర్పు మీద కొనుగోలుదారు కోర్టుకు వెళ్ళాలంటే తీర్పు మొత్తంలో 75 శాతం ముందుగా జమ చేయాలి.

నడుస్తున్న ఆర్డరు ఉండగా కౌన్సిలుకు వెళ్ళినవారిని నేను చూసింది చాలా తక్కువ. తెగిపోయిన సంబంధాల్లోనే ఆ దారి పనికొస్తుంది. నడుస్తున్న సంబంధంలో ఆదాయపు పన్ను నియమం మెరుగ్గా పనిచేస్తుంది. 2023 ఆర్థిక చట్టంతో వచ్చి 2024 ఏప్రిల్ 1 నుంచి అమలైన ఆదాయపు పన్ను చట్టం 43బి(హెచ్) సెక్షన్ ప్రకారం, సూక్ష్మ, చిన్న సంస్థలకు పై గడువు దాటి చెల్లించిన మొత్తాన్ని కొనుగోలుదారు చెల్లించిన సంవత్సరంలోనే ఖర్చుగా చూపగలడు. మార్చి 31 నాటికి గడువు మీరి నిలిచిన బాకీ ఉంటే, ఆ ఏడాది అతని పన్ను పెరుగుతుంది. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల సంఖ్యలు మారాయి కనుక, సంఖ్యను కాక నియమాన్ని గుర్తుంచుకోవడం మంచిది.

దీన్ని వాడుకునే పద్ధతి ఇది. ఫిబ్రవరి మధ్యలో, గడువు మీరిన బిల్లులూ మార్చి 31లోగా గడువు తీరబోయే బిల్లులూ అన్నీ ఇన్వాయిస్ సంఖ్య, జీఆర్‌ఎన్ తేదీ, 45వ రోజు తేదీ వేసి ఒకే పట్టికగా రాయండి. పైన మీ ఉద్యమ్ సంఖ్య, సంస్థ వర్గం ఉండాలి. ఉత్తరంలో ఫిర్యాదు, వడ్డీ ప్రస్తావన ఏవీ వద్దు, బాకీ నిర్ధారణ కోసం పంపుతున్నామని ఒక్క వాక్యం చాలు. దాన్ని పర్చేజ్ విభాగానికి కాక అకౌంట్స్ విభాగానికి పంపి, పర్చేజ్ వారికి నకలు పెట్టండి. ధర తగ్గించడం పర్చేజ్ వారి పని అయితే, ఏడాది చివర పన్ను లెక్క తేల్చడం అకౌంట్స్ వారి పని. మీ పట్టిక అవసరం వారికి ఆ నెలలో మీకన్నా ఎక్కువగా ఉంటుంది.